రెండు మిల్లీమీటర్ల పనితనం

బియ్యం డబ్బాలో ముక్కుపురుగు కనబడగానే మన ఇళ్లలో జరిగేది ఒకటే. బియ్యం చేటలో పోసి ఎండలో పెడతాం, చెరుగుతాం, నాలుగు వేపాకులో ఎండుమిరపకాయలో వేసి మళ్లీ మూత బిగిస్తాం. ఆ పురుగుకి దూరపు చుట్టం ఒకటుంది. దాన్ని మాత్రం బ్రెజిల్ నుంచి సముద్రాలు దాటించి కోరి తెచ్చుకున్నారు. 1980 జూన్‌లో ఆస్ట్రేలియాలోని ఒక జలాశయంలో అలాంటివి 1500 వదిలారు. ఒక్కోటి పొడవు రెండు మిల్లీమీటర్లు. పద్నాలుగు నెలలు తిరిగేసరికి అవి పది కోట్లయ్యాయి. నీళ్ల మీద సుమారు 200 హెక్టార్లలో పరుచుకున్న 18,000 టన్నుల కలుపు కనబడకుండా పోయింది.

వినగానే ప్రకృతి మహిమ అనేస్తాం. అందులో సగమే నిజం. ఆ పురుగు ఆ నీళ్ల దాకా చేరడానికి ముందు దాదాపు ఇరవై ఏళ్లు శాస్త్రవేత్తలు తప్పు దారిలో నడిచారు. చేయి తిరిగిన నేతగాడు రెండు పోగుల తేడాను వేలికొసతో తడిమి చెబుతాడు. అలాగే, ఒకేలా కనిపించే రెండు మొక్కల్నీ, ఒకేలా కనిపించే రెండు పురుగుల్నీ విడదీసి చూడటం దగ్గరే ఇక్కడి పని మలుపు తిరిగింది. నేను మెచ్చుకోదలచింది ఆ చూపునే.

నీళ్ల మీద కవ్వాలు

ఆ జలాశయం పేరు మూండారా. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో వాయవ్య మూల, ఎర్రటి రాతి గుట్టల నడుమ మౌంట్ ఐసా అనే ఊరుంది. రాగి, సీసం, వెండి, జింకు గనుల మీద బతుకుతూ వచ్చిన ఊరు. 1950ల చివర లైకార్ట్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, ఊరికీ గనులకూ నీళ్లు నిలవ చేసుకున్నారు. కట్టింది నీళ్ల కోసమే అయినా, చుట్టూ కనుచూపు మేర ఎండిన నేలే కాబట్టి ఊరి సరదాలన్నీ ఆ ఒడ్డుకే చేరాయి. తెరచాప పడవలు, గాలాలు, నీటి మీద జారే ఆటలు, సెలవురోజు కుటుంబంతో కలిసి చెట్టునీడన భోజనాలు, అన్నీ అక్కడే. 1970ల నడుమ ఆ నీళ్ల మీద సాల్వీనియా అనే కలుపు తేలింది. 1978 నాటికి అది 400 హెక్టార్ల మేర పరుచుకుందని, బరువు 50,000 టన్నుల దాకా ఉందని లెక్క వేశారు. పడవ కదలని చెరువులో సరదా ఏముంటుంది?

శత్రువే అయినా ఈ మొక్క నిర్మాణాన్ని చూస్తే ముచ్చటేస్తుంది. ఇది నీటి మీద తేలే ఫెర్న్. దీనికి పువ్వు లేదు, విత్తనం లేదు, అసలైన వేరు కూడా లేదు. కణుపు కణుపుకీ మూడు ఆకులు. రెండు పైన తేలుతాయి. మూడోది నీళ్లలోకి దిగి, సన్నటి పోగులుగా చీలి, వేరులా వేలాడుతూ వేరు చేసే పనిలో కొంత చేస్తుంది. పై ఆకుల మీద చేయి పెడితే మఖమల్‌లా తగులుతుంది. భూతద్దంలో చూస్తే ఆ నూగంతా చిన్న చిన్న కవ్వాలే. ఒక్కో కాడ కొసన నాలుగు పోగులు విడిపోయి, మళ్లీ పైన ఒకచోట కలుసుకుంటాయి. గుడ్డుసొన గిలక్కొట్టే తీగల కవ్వం ఎలా ఉంటుందో అచ్చం అలా. ఆ తీగల మధ్య గాలి నిలుస్తుంది. ముంచినా ఆకు తడవదు, వదలగానే పైకి తేలుతుంది. కలుపు మందు చుక్కలు పడినా చాలావరకు పూసల్లా దొర్లిపోతాయి. అందుకే దీని మీద చల్లే మందులో జిగురు గుణం ఉన్న పదార్థం కలపాల్సి వస్తుంది.

చోటును బట్టి వేషం మార్చుకోవడం దీని మరో విద్య. ఖాళీ నీళ్లు దొరికితే చిన్న ఆకులు నీళ్లకు అంటుకుని చకచకా పాకుతుంది. కాస్త ఇరుకైతే ఆకులు పెద్దవై పడవల్లా మధ్యకు మడుచుకుంటాయి. మరీ కిక్కిరిస్తే నిలువుగా లేచి ఒకదాని మీద ఒకటి ఒత్తుకుంటాయి. అప్పుడు ఆ పరుపు మందం కొన్నిచోట్ల మీటరు దాకా వెళ్తుంది. కింద వెలుగు ఉండదు, ప్రాణవాయువు తగ్గిపోతుంది, చేపలు నిలవవు. పైన దోమలకు మాత్రం పండగ.

దీని క్రోమోజోములు మామూలుగా ఉండే రెండు సెట్లు కాక ఐదు సెట్లు. అందువల్ల సంతానాన్నిచ్చే బీజాలు తయారు కావు. అది లోపమనుకుంటే పొరపాటే. ముక్క విరిగితే చాలు, ముక్కకో మొక్క. ప్రతి కణుపులోనూ మొగ్గలు నిద్రపోతుంటాయి. ముందున్న చిగురు పోతే వెనకది లేస్తుంది. అనుకూలమైన ఎండ, ఎరువు ఉంటే రెండున్నర రోజుల్లోపే రెట్టింపవుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. మనుషుల్ని, యంత్రాల్ని దింపి 18,000 టన్నులూ ఎత్తిపోశామనుకుందాం. ఏ రెల్లు దుబ్బు చాటునో ఒక్క కిలో మిగిలింది. తీరిగ్గా పది రోజులకొకసారి రెట్టింపైనా ఇరవై ఐదు రెట్టింపులకు మళ్లీ 18,000 టన్నులు దాటుతుంది. అంటే ఎనిమిది నెలల పైచిలుకు. యంత్రం కోసేటప్పుడు తెగిపడే ముక్కలు ఎన్ని కిలోలుంటాయో ఆలోచిస్తే, కోత కూడా ఒక రకం నాటే అనిపిస్తుంది. మందుతో ఒక్కసారిగా చంపితే ఇంకో చిక్కు. అంత పచ్చి మొక్క ఒకేసారి కుళ్లితే నీటిలో మిగిలిన ప్రాణవాయువు కూడా హరించుకుపోతుంది. ఈ నీళ్లు తాగే ఊరికి మందు మీద మందు చల్లడం ఎలాగూ మంచిది కాదు.

పేరు తప్పితే దారి తప్పుతుంది

సాల్వీనియా ప్రపంచాన్ని చుట్టింది మనుషుల చేతుల మీదుగానే. అందమైన ఆకు కదా, ప్రయోగశాలలకూ, ఇళ్లలో చేపల తొట్లకూ తెచ్చుకున్నారు. మన పక్కనున్న శ్రీలంకకు 1939లో కొలంబోలోని వృక్షశాస్త్ర విభాగం ద్వారా చేరింది. ఆస్ట్రేలియాలో 1952లో కనబడింది. ఆఫ్రికాలో జాంబెజీ నది మీద కరీబా ఆనకట్ట కట్టి 1958లో నీళ్లు నింపడం మొదలుపెడితే, నాలుగేళ్లలో ఆ కొత్త సరస్సు మీద సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్లు ఇదే ఆక్రమించింది. అక్కడ దీని పేరే కరీబా కలుపు అయిపోయింది.

కలుపుకి పుట్టిల్లు ఎక్కడో వెతికి, అక్కడ దాన్ని తిని అదుపులో పెడుతున్న పురుగును తేవాలన్న ఆలోచన అప్పటికే ఉంది. కానీ దీని పుట్టిల్లు ఏది? అప్పట్లో దీన్ని దక్షిణ అమెరికాకు చెందిన సాల్వీనియా ఆరిక్యులేటా అనుకున్నారు. కాబట్టి 1960లలో ట్రినిడాడ్, గయానా వైపు వెళ్లి, ఆ మొక్క మీద దొరికిన మూడు జీవుల్ని ఎంచుకున్నారు: ఒక మిడత, ఒక చిమ్మటజాతి పురుగు, ఒక ముక్కుపురుగు. వాటిని ఆఫ్రికాలోనూ, ఫిజీలోనూ, మన వైపూ ఒకచోట ఒకటి, మరోచోట ఇంకొకటి చొప్పున వదిలారు. అవి తిన్నాయి, బతికాయి. కలుపు మాత్రం ఆశించినట్టు తగ్గలేదు.

1972లో డేవిడ్ మిచెల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ మొక్కను విడిగా పరిశీలించి, ఇది ఆరిక్యులేటా కాదు, వేరే జాతి అని తేల్చి, సాల్వీనియా మొలెస్టా అని పేరు పెట్టాడు. కాగితం మీద చూస్తే పేరు మార్పు, అంతే. కానీ దాని అర్థం, ఇన్నాళ్లూ వెతికింది వేరేవాళ్ల ఊళ్లో అని. అసలు పుట్టిల్లు ఇంకా ఎవరికీ తెలియదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ.కు చెందిన వెండీ ఫోర్నో, కెన్ హార్లీ దక్షిణ అమెరికా అంతా గాలించి, 1978లో ఆగ్నేయ బ్రెజిల్‌లో దాన్ని సహజంగా పెరిగే చోట పట్టుకున్నారు. అక్కడ అది రాక్షసి కాదు. నీటి మడుగుల్లో ఒదిగి, తన మీద బతికే పురుగులతో పాటు బతుకుతున్న సాధారణ మొక్క.

ఆ మొక్క మీద దొరికిన ముక్కుపురుగు చూడటానికి ట్రినిడాడ్ పురుగులాగే ఉంది. అదే జాతి అనుకుని, అదే పేరుతో, సిర్టోబాగస్ సింగులారిస్‌గానే బ్రిస్బేన్ ప్రయోగశాలకు తెచ్చారు. పాత పురుగు అప్పటికే చాలాచోట్ల విఫలమైంది. మరొకరైతే ఎందుకులే అని వదిలేసేవారు. వీళ్లు మాత్రం ఒక పాత సూత్రాన్ని గట్టిగా పట్టుకున్నారు: సరైన మొక్క మీద, సరైన చోట దొరికిన పురుగును దాని పేరు చూసి తోసిపుచ్చకూడదు. మూండారాలో అది పని పూర్తి చేసిన తర్వాత గానీ తేడా ఎక్కడుందో పూర్తిగా తేలలేదు. 1985లో కాల్డర్, డాన్ శాండ్స్ దాన్ని కొత్త జాతిగా వర్ణించి సిర్టోబాగస్ సాల్వీనియే అని నామకరణం చేశారు. మొక్కకు ముందు పేరు దొరికి తర్వాత పని జరిగింది. పురుగు విషయంలో ముందు పని జరిగి తర్వాత పేరు దొరికింది.

చిగురు దగ్గర

రెండు పురుగులకూ తేడా రూపంలో అంతంతమాత్రమే. తినే తీరులో ఉంది అసలు సంగతి. పాత జాతి పిల్లపురుగులు ఎక్కువగా పైపైనే తింటాయి. కొత్త జాతి పిల్లపురుగు కాండంలోకి తొలుచుకుపోతుంది. పైన తల్లి, లోపల పిల్ల, ఇద్దరూ కలిసి మొక్క ఆయువుపట్టు మీదే పనిచేస్తారు.

తల్లిపురుగు ఒంటికింద పలచటి గాలి పొర పట్టుకుని నీళ్లలోకి దిగుతుంది. దానికి ఇష్టమైనది లేత చిగురు. ముక్కు చివరి కోరలతో చిగురును కొరికి, ఆ గుంటలో ఒక్కో గుడ్డు పెడుతుంది. ఒక ఆడపురుగు తన జీవితంలో ఇలా మూడు వందలకు పైగా గుడ్లు పెట్టగలదు. గుడ్డులోంచి వచ్చిన తెల్లటి పిల్ల మొదట లేత మొగ్గల మీద పడి, తర్వాత కాండంలో సొరంగం తవ్వుకుంటూ పోతుంది. మూడు నాలుగు వారాలయ్యాక బయటికి వచ్చి, నీళ్లలో వేలాడే ఆ వేరులాంటి ఆకు పోగుల్నే గూడుగా అల్లుకుని అందులో ప్యూపా అవుతుంది. మొక్క ఇచ్చిన దారంతో మొక్క కిందే ఉయ్యాల కట్టుకోవడమన్నమాట.

ముందు చెప్పిన మొక్క బలం గుర్తుందా? చిగురు పోతే వెనక మొగ్గ లేస్తుంది. చేత్తో తుంచినా, యంత్రంతో కోసినా దానికి లాభమే. ఈ పురుగు దగ్గర ఆ ఎత్తు పారదు. కొత్త మొగ్గ లేచేటప్పుడు మొక్క తన ఒంట్లోని నత్రజనిని అక్కడికి పంపిస్తుంది. అంటే పురుగుకి మరింత పుష్టికరమైన విందు. ఆ మొగ్గనీ తింటుంది, మొక్క ఇంకోదాన్ని లేపుతుంది. మొగ్గలు అయిపోయేలోగా కింద పిల్ల కాండాన్ని బోలు చేసేస్తుంది. ఎదుటివాడి బలాన్నే వాడి మీదికి తిప్పే కుస్తీ పట్టు ఇది.

మూండారాలో 1500 పురుగులు పది కోట్లు కావాలంటే పదహారుసార్లు రెట్టింపు కావాలి. పద్నాలుగు నెలల్లో అంటే ఇంచుమించు నెలకొకసారి కంటే కాస్త ఎక్కువ. ఆ లెక్కన మొదటి నెలల్లో ఒడ్డున నిలబడి చూసేవాళ్లకు ఏమీ కనబడదు. పదో రెట్టింపుకు కూడా పురుగులు పదిహేను లక్షలే. 200 హెక్టార్ల మీద పరిస్తే చదరపు మీటరుకు ఒకటి కూడా లేదు. ఆఖరి కొన్ని రెట్టింపుల్లోనే చదరపు మీటరుకు యాభై అవుతాయి. కలుపు అంత తొందరగా పెరుగుతుంటే పురుగు ఇంత నిదానమా అని భయం వేస్తుంది. కానీ చోటు నిండిపోయిన పరుపుకి ఇక పెరిగే జాగా లేదు, పురుగుకి మాత్రం కావాల్సినంత తిండి ఉంది. పచ్చటి పరుపు మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి, మచ్చలు కలుస్తాయి, బోలు కాండాలు నీరు పట్టి అడుగుకి దిగుతాయి. కలుపు ఒక్కసారిగా కాక వాయిదాల మీద మునుగుతుంది కాబట్టి మందు కొట్టి చంపినప్పటి కుళ్లుడు చిక్కు కూడా చాలావరకు తప్పుతుంది. పీటర్ రూమ్, హార్లీ, ఫోర్నో, శాండ్స్ 1981లో ఈ ఫలితాన్ని 'నేచర్' పత్రికలో ప్రకటించారు.

పరదేశపు పురుగును తేవడంలో ఉన్న భయం కూడా చిన్నది కాదు. కలుపు పోయాక అది పంటల మీద పడితే? అందుకే వదిలే ముందు పంట మొక్కలతో సహా అనేక రకాల మొక్కల్ని దాని ముందు పెట్టి చూస్తారు. ఈ పురుగు వంశం వృద్ధి చేసుకునేది సాల్వీనియా జాతి మొక్కల మీదే. అవి లేకపోతే ఆకలికి చస్తుంది గాని వరిపొలం మీద కాపురం పెట్టదు.

యూరియా కిటుకు

మూండారా విజయం తర్వాత ఇదే పురుగును పాపువా న్యూగినీకి పంపారు. అక్కడ సెపిక్ నది పరీవాహకంలో 250 చదరపు కిలోమీటర్ల నీటిని సాల్వీనియా కమ్మేసింది. దోనెల మీదే బతికే జనం సంతకీ, బడికీ, ఆసుపత్రికీ వెళ్లలేక ఊళ్లు ఖాళీ చేసే స్థితి. పురుగుల్ని వదిలారు. నిలదొక్కుకోలేదు. అదే పురుగు, అదే మొక్క, వాతావరణం కూడా వేడిగానే ఉంది. మరి ఎక్కడ తేడా?

రూమ్, ఆయనతో పనిచేసిన థామస్ మొక్కను కోసి లోపలి పోషకాల్ని కొలిచారు. అక్కడి నీళ్లు పేదవి. మొక్క పొడి బరువులో నత్రజని ఒక శాతం దరిదాపుల్లోనే ఉంది. పురుగు గుడ్లు పెట్టి సంతానం పెంచుకోవడానికి ఆ తిండి చాలదు. అప్పుడు వాళ్లు చేసింది, బయటివాళ్లు చూస్తే పిచ్చనుకునే పని. చంపాల్సిన కలుపుకి యూరియా వేశారు. కొద్ది మేరలో ఎరువు చల్లి, మొక్కను బలంగా పెంచి, ఆ బలమైన చిగుళ్ల మీద పురుగును వదిలారు. ఈసారి నిలిచింది. ఒకసారి సంఖ్య పెరిగాక మళ్లీ ఎరువు అవసరం లేకపోయింది. పురుగు కొరుకుడికి మొక్కే నత్రజనిని చిగుళ్లకు సరఫరా చేయసాగింది. కొన్నేళ్లలో 250 చదరపు కిలోమీటర్ల కలుపు రెండు చదరపు కిలోమీటర్లకు దిగింది. పాలివ్వని గేదెకు ముందు దాణా పెట్టమనే రైతు తెలివి ఇందులో ఉంది. ఈ మొత్తం కృషికి 1985లో యునెస్కో సైన్స్ బహుమతి వచ్చింది.

కలువ కొలను, గుర్రపుడెక్క

ఆ పురుగు మన దేశానికీ వచ్చింది. 1980ల మొదట్లో ఆస్ట్రేలియా నుంచి బెంగళూరుకి తెచ్చి, పరీక్షలయ్యాక ఒక కలువ కొలనులో వదిలారు. పదకొండు నెలల్లో సాల్వీనియా కనుమరుగైంది, అణగారిపోయిన కలువలు మళ్లీ తలెత్తాయి. కేరళలో ఈ కలుపు పేరు ఆఫ్రికన్ పాయల్; వరిపొలాలనూ కాలువలనూ పడవదారులనూ కప్పేసి రైతుల్ని ఏడిపించిన మొక్క. అక్కడా ఈ ముక్కుపురుగే చాలావరకు దాన్ని దారికి తెచ్చింది.

తెలుగు పాఠకుడికి ఇది చదువుతుంటే కొల్లేరులోనూ హుస్సేన్‌సాగర్‌లోనూ ఊరి చెరువుల్లోనూ పరుచుకునే గుర్రపుడెక్క గుర్తురాక మానదు. దాని పుట్టిల్లూ దక్షిణ అమెరికాయే. దాన్ని తినే రెండు రకాల ముక్కుపురుగుల్నీ 1980ల మొదట్లోనే బెంగళూరు తెచ్చారు. అయితే గుర్రపుడెక్కకు విత్తనం ఉంది, బురదలో ఏళ్ల తరబడి పడి ఉండి మొలుస్తుంది. పైగా ఊరి మురుగు కలిసే చెరువులో దానికి రోజూ ఎరువే. పురుగు కొరికేలోగా కొత్త ఆకు వేస్తుంది. సెపిక్‌లో పురుగు గెలుపుకి చిటికెడు యూరియా కావాల్సి వచ్చింది. మన చెరువుల్లో మురుగు మోసుకొచ్చే పోషకాలు అవతలి పక్షాన నిలబడతాయి. పురుగును వదిలే చేయి ముందు మురుగు తూము కట్టేయాలి.

పరిమితులు ఇంకా ఉన్నాయి. అమెరికాలో టెక్సాస్, లూసియానా రాష్ట్రాల సరిహద్దున ఉన్న క్యాడో సరస్సు, సైప్రస్ చెట్ల నీడన పడవ విహారానికి పేరుపడ్డ చోటు. అక్కడికీ ఈ సాల్వీనియా వచ్చింది. చలికాలం ముదిరితే పురుగులు పెద్ద సంఖ్యలో చస్తాయి; కలుపు మాత్రం పరుపు లోపలి మొగ్గలతో తట్టుకుని వసంతానికి మళ్లీ లేస్తుంది. అందుకని అక్కడివాళ్లు గాజుగృహాల్లో పురుగుల్ని పెంచి సరస్సులో వదులుతుంటారు, చలిని తట్టుకునే రకాల కోసం వెతుకుతుంటారు. పడవ ఒడ్డుకు లాగగానే నీళ్లు వార్చి, అంటుకున్న ఆకుముక్కను ఏరేయమని పడవల వాళ్లకు చెబుతుంటారు. ఒక్క ముక్క ఎంత దూరం పోగలదో మనం ఇందాక లెక్క వేసి చూశాం కదా.

ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చినది దాని ముగింపు. పురుగు గెలిచిన చోట కలుపు సున్నా కాదు. ఒడ్డున రెల్లు మొదళ్లలో, చెట్టు నీడ పడే మూలల్లో గుప్పెడు మొక్కలు మిగులుతాయి, వాటి మీద గుప్పెడు పురుగులు మిగులుతాయి. శుభ్రం మీద మోజుతో ఆ ఆఖరి గుప్పెడు కూడా ఏరేస్తే పురుగు పస్తులుండి పోతుంది; మళ్లీ ఏ పడవకో అంటుకుని కొత్త ముక్క వచ్చిన రోజున కాపలా ఉండదు. కాబట్టి తెలిసినవాళ్లు ఆ మూలను అలా వదిలేస్తారు. అక్కడి మొక్క ఒకటి తీసి చూస్తే ఆకు మీద కవ్వాలు కవ్వాల్లాగే ఉంటాయి. చిగురు మాత్రం కొరికి ఉంటుంది.